పాత మందు – కొత్త పరీక్ష

పాఠ్యభాగ ఉద్దేశం

మధుమేహానికి వాడే మందు క్యాన్సర్‌ను కూడా నయం చేయగలదా అన్న ప్రశ్న ఇటీవలి వైద్యశాస్త్ర చరిత్రలో ఎన్నో ఆశలను రేకెత్తించింది. ఆ ఆశ ఎలా పుట్టిందో, దానిని శాస్త్రజ్ఞులు ఏ విధంగా పరీక్షించారో, చివరికి ఏమి తేలిందో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. విన్న మాటకూ రుజువైన మాటకూ మధ్య గల భేదాన్ని గుర్తించే వివేచనను విద్యార్థులలో కలిగించడం దీని పరమార్థం.

పాఠ్యభాగం

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని తెలుగువారి సామెత. లోకంలోని అనేక విషయాలకు ఈ సామెత వర్తిస్తుంది గాని, ఔషధాల విషయంలో మాత్రం సరిపడదు. కొత్త మందు ఏ మేలు చేస్తుందో, ఏ కీడు తలపెడుతుందో తెలియడానికి ఏళ్ళు పడుతుంది. పాత మందు అలా కాదు. కోట్లాదిమంది వాడి చూసినందువల్ల దాని గుణదోషాలు రెండూ వైద్యులకు కరతలామలకం. ధర కూడా తక్కువ. అందువల్ల ఒక రోగానికి వాడుతున్న పాత మందు మరొక రోగానికి పనికివస్తుందేమో అన్న అన్వేషణ వైద్యశాస్త్రంలో ఒక ముఖ్యమైన శాఖగా ఎదిగింది. ఆ అన్వేషణలో అందరికంటె ఎక్కువగా పరిశీలనకు వచ్చిన మందులలో మెట్‌ఫార్మిన్ ఒకటి.

మెట్‌ఫార్మిన్ అనే పేరు తెలియనివారు ఉండవచ్చు గాని, "షుగరు గోలి" తెలియని ఊరు నేడు లేదు. కామారెడ్డి జిల్లాలో బాన్సువాడకు చేరువలో ఉన్న నస్రుల్లాబాద్ మండలాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. నిజాంసాగర్ నీటితో పచ్చబడిన ఈ ప్రాంతపు రైతులు ఒకప్పుడు చెరకు పండించి బోధన్ చక్కెర కర్మాగారానికి తోలేవారు. ఆ కర్మాగారం 2015లో మూతపడింది. ఇప్పుడు ఈ పల్లెలలో "షుగరు" అన్న మాట వినిపిస్తే చెరకు గుర్తుకు రాదు, రోగం గుర్తుకు వస్తుంది. దేశమంతటా ఇదే పరిస్థితి. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో మధుమేహ రోగుల సంఖ్య 10 కోట్ల పైమాటే.

మధుమేహం మనకు కొత్త రోగం కాదు. చరక, సుశ్రుత సంహితలు ప్రమేహాలను ఇరవై విధాలుగా విభజించి, అందులో మధుమేహాన్ని ఒకటిగా పేర్కొన్నాయి. అర్బుదం అన్న పేరుతో శరీరంలో పెరిగే గడ్డలను కూడా అవి వర్ణించాయి. ఈ రెండు రోగాలకూ ఏదో సంబంధం ఉన్నదని ఆధునికులు గమనించడం మాత్రం ఇటీవలి సంగతి. రెండవ రకం మధుమేహం ఉన్నవారిలో కాలేయం, క్లోమం, పెద్దపేగు వంటి కొన్ని అవయవాలకు క్యాన్సర్ వచ్చే అవకాశం ఇతరులలో కంటె ఎక్కువగా కనిపించింది. అయితే ఆ మధుమేహానికి వాడే గోలి క్యాన్సర్‌ను అడ్డుకుంటుందా? నస్రుల్లాబాద్ వంటి పల్లెలకు ఇది కేవలం శాస్త్రచర్చ కాదు. క్యాన్సర్ సోకిన మనిషిని నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలోని హైదరాబాద్‌కు తీసుకుపోవాలి. నెలల తరబడి వైద్యం చేయించాలి. పొలం పని మానుకొని తోడుగా ఒకరు ఉండాలి. రెండు రూపాయలకు అటూ ఇటూగా దొరికే గోలి ఆ రోగాన్ని కుదుర్చగలిగితే అంతకంటె కావలసినది ఏమున్నది? ఆశ ఎంత పెద్దదో, అది నిజమా కాదా అని తేల్చుకోవలసిన బాధ్యత కూడా అంత పెద్దది.

మెట్‌ఫార్మిన్ చరిత్ర పరిశీలిస్తే, అది తన జీవితకాలంలో పలుమార్లు వృత్తి మార్చుకున్న మందు అని తెలుస్తుంది. ఐరోపాలో గలేగా అనే చిక్కుడు కుటుంబపు మొక్కను పూర్వం నాటువైద్యంలో వాడేవారు. ఆ మొక్కలో గ్వానిడిన్ జాతికి చెందిన పదార్థాలు ఉన్నాయి. గ్వానిడిన్ జంతువుల రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని 1918లో వెల్లడైంది. ఆ జాతికి చెందిన మెట్‌ఫార్మిన్‌ను 1922లో డబ్లిన్ నగరంలో వెర్నర్, బెల్ అనే రసాయన శాస్త్రజ్ఞులు మొదటిసారి తయారుచేశారు. సరిగ్గా ఆ సంవత్సరమే ఇన్సులిన్ మొదటిసారి రోగికి ఇవ్వబడి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. సూర్యుడు ఉదయించినప్పుడు చుక్కలు కనిపించనట్లు, ఇన్సులిన్ వెలుగులో మెట్‌ఫార్మిన్ మరుగున పడింది. 1940లలో అది మలేరియా మందుల అన్వేషణ సందర్భంగా మళ్ళీ బయటికి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో యుసేబియో గార్సియా అనే వైద్యుడు దానిని ఇన్‌ఫ్లూయెంజా జ్వరానికి వాడి, అది రక్తంలో చక్కెరను తగ్గించడం గమనించాడు. ఆ ఆధారాన్ని అందిపుచ్చుకొని ఫ్రాన్స్ దేశపు వైద్యుడు జాన్ స్టెర్న్ దానిని మధుమేహ రోగులపై పరీక్షించి 1957లో ఫలితాలు ప్రకటించాడు. అమెరికా మాత్రం 1994 వరకు దానికి అనుమతి ఇవ్వలేదు. దాని సోదర ఔషధమైన ఫెన్‌ఫార్మిన్ రక్తంలో లాక్టిక్ ఆమ్లాన్ని ప్రమాదకరంగా పెంచి ప్రాణాపాయం కలిగించినందువల్ల 1970లలో అక్కడ నిషేధానికి గురైంది. ఆ అనుభవం మెట్‌ఫార్మిన్‌ను కూడా అనుమానించేలా చేసింది. ఈ విధంగా జ్వరానికి వాడిన మందు మధుమేహానికి మహౌషధమైంది. ఆ మందు మరొకమారు వృత్తి మార్చుకోగలదా అన్నదే నేటి ప్రశ్న.

క్యాన్సర్ విషయంలో ఈ ఆశ చిగురించిన చోటు స్కాట్లాండ్ దేశంలోని డండీ నగరం. అక్కడ 1993 నుంచి 2001 వరకు కొత్తగా మధుమేహం బయటపడిన దాదాపు 12 వేల మంది వైద్య రికార్డులను పరిశోధకులు పరిశీలించారు. వారిలో 923 మంది ఆ తరువాత క్యాన్సర్‌తో ఆసుపత్రిలో చేరారు. క్యాన్సర్ వచ్చినవారినీ రానివారినీ పోల్చి చూడగా, మెట్‌ఫార్మిన్ వాడినవారిలో క్యాన్సర్ కొంత తక్కువగా కనిపించింది. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ సంగతి వెలువడింది. అది మొదలు ప్రపంచమంతటా వందలాది పరిశోధనలు వెల్లువెత్తాయి.

డండీ పరిశోధకుల ఊహ గాలిలో మేడ కాదు. దానికి బలమైన శాస్త్రకారణం ఉన్నది. జీవకణం ఏ పని చేయాలన్నా శక్తి కావాలి. ఆ శక్తిని మోసే నాణెం ఏ.టి.పి. అనే పదార్థం. కణంలో ఈ నాణేలు తరిగిపోతే వెంటనే పసిగట్టే కాపలాదారు ఒకటి ఉన్నది. దాని పేరు ఏ.ఎం.పి. కైనేజ్. ఇంట్లో ధాన్యం నిండుకున్నప్పుడు పెద్దలు పెళ్ళిళ్ళు, పేరంటాలు వాయిదా వేసినట్లు, ఈ కాపలాదారు కణం ఎదుగుదలను, విభజనను నిలిపివేస్తుంది. మెట్‌ఫార్మిన్ కణంలోని శక్తి ఉత్పత్తిని కొంత మందగింపజేసి ఈ కాపలాదారును మేల్కొలుపుతుందని 2001 ప్రాంతంలో తేలింది. ఈ కాపలాదారును పని చేయించే మరొక ప్రోటీన్ స్వతహాగా క్యాన్సర్ నిరోధకం కావడం గమనార్హం. ఇవి గాక మరొక కారణం కూడా ఉన్నది. రెండవ రకం మధుమేహంలో ఇన్సులిన్ రక్తంలో అధికంగా పేరుకుంటుంది. ఇన్సులిన్ కణాల పెరుగుదలను ప్రోత్సహిస్తుంది. మెట్‌ఫార్మిన్ దానిని తగ్గిస్తుంది. కాబట్టి క్యాన్సర్ కణాలకు రెండు వైపుల నుంచి ఆహారం కట్టుబడుతుందని శాస్త్రజ్ఞులు భావించారు.

ఈ కథలో తెలుగువారికి ఒక చుట్టరికం కూడా ఉన్నది. శక్తినిచ్చే ఏ.టి.పి.ని 1929 ప్రాంతంలో కనుగొన్నవారిలో భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి ఆయన ఈ పరిశోధన చేశాడు. తరువాత లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ వ్యాధికి సోదరులను కోల్పోయిన సుబ్బారావుకు ఆ విజయం ఎంత విలువైనదో ఊహించవచ్చు. రక్తహీనతను పోగొట్టే ఈ విటమిన్ రక్త క్యాన్సర్‌కు కూడా ఉపకరిస్తుందేమో అన్న ఆశతో బోస్టన్ నగరపు వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను రోగులకు ఇచ్చాడు. ఫలితం విపరీతంగా వచ్చింది. రోగం తగ్గకపోగా మరింత వేగంగా పెరిగింది. అయినా ఫార్బర్ ఆ నిరాశలోనే ఒక సూచన చూశాడు. విటమిన్ రోగాన్ని పెంచితే, ఆ విటమిన్‌ను అడ్డుకునే పదార్థం రోగాన్ని తగ్గించాలి కదా! సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అటువంటి పదార్థమే. దానిని తీసుకున్న 16 మంది పిల్లలలో 10 మందికి రోగం తాత్కాలికంగా ఉపశమించిందని 1948లో ఫార్బర్ ప్రకటించాడు. క్యాన్సర్‌కు రసాయన చికిత్సలో అది ఒక మహత్తరమైన తొలి అడుగు. ఆ సంవత్సరమే సుబ్బారావు కన్నుమూశాడు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఆ తరువాత ఎదురు దిశలో ప్రయాణించింది. క్యాన్సర్‌కు పుట్టిన ఈ మందుల వర్గం కీళ్ళవాతానికీ, సోరియాసిస్ అనే చర్మవ్యాధికీ పనిచేస్తుందని 1951లోనే సూచనలు కనిపించాయి. అయినా కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడవచ్చునని అమెరికా ప్రభుత్వం అధికారికంగా అనుమతించినది 1988లో. సూచనకూ అనుమతికీ మధ్య ముప్పయి ఏడు సంవత్సరాలు గడిచాయి. థాలిడొమైడ్ కథ ఇంతకంటె విచిత్రమైనది. నిద్రమాత్రగా 1957లో వచ్చి, గర్భిణులు వాడినందువల్ల వేలాది శిశువులు అవయవలోపాలతో పుట్టగా 1961లో అది మార్కెట్ నుంచి వైదొలగింది. 1964లో జెరూసలేంలో షెస్కిన్ అనే వైద్యుడు కుష్ఠురోగంలో వచ్చే ఒక తీవ్రమైన బాధకు అది ఉపశమనం ఇస్తుందని గమనించాడు. ఆ పైన ఎముక మజ్జకు వచ్చే మైలోమా అనే క్యాన్సర్‌కు కూడా 2006లో అనుమతి పొందింది. ఒకరి పాలిట విషం మరొకరి పాలిట అమృతం కావచ్చునని ఈ ఉదంతం నిరూపిస్తుంది. అయితే ఆ అమృతత్వం కఠినమైన పరీక్షల తరువాతే సిద్ధించిందని మరువరాదు.

మెట్‌ఫార్మిన్ విషయంలో పరీక్షలు ఎందుకు అవసరమయ్యాయి? డండీ రికార్డులు చూపిన తగ్గుదల చాలదా? ఇక్కడ మన ప్రాచీన తర్కశాస్త్రం మనకు తోడ్పడుతుంది. తాటిచెట్టుపై కాకి వాలిన క్షణంలోనే పండు రాలిపడితే, కాకి వల్లనే పండు రాలిందని అనుకోవడం పొరపాటు. దీనినే కాకతాళీయ న్యాయం అంటారు. తెలుగువాడని ప్రసిద్ధిగన్న అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఇంతకంటె సూక్ష్మమైన దోషాన్ని ఒకదానిని వివరించాడు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని ఒకరు అంటే, అది సరికాదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే పచ్చికట్టె కూడా ఉండాలి. ఇలా కనబడకుండా మధ్యలో నిలిచి ఫలితాన్ని నిర్ణయించే అంశాన్ని "ఉపాధి" అన్నారు. మెట్‌ఫార్మిన్ వాడినవారిలో క్యాన్సర్ తక్కువగా ఉన్నదంటే, మధ్యలో ఏ పచ్చికట్టె ఉన్నదో వెదకాలి. సాధారణంగా మూత్రపిండాలు, కాలేయం బాగున్నవారికి, రోగం ముదరని వారికి మెట్‌ఫార్మిన్ ఇస్తారు. రోగం ముదిరినవారికి ఇన్సులిన్ ఇస్తారు. అయితే మొదటివారికి మేలు చేసినది గోలియా, వారి ఆరోగ్యమా?

ఇంతకంటె మోసకరమైన పొరపాటు మరొకటి ఉన్నది. ఒక ఊరిలో షష్టిపూర్తి చేసుకున్నవారు ఎన్నేళ్ళు బ్రతికారో, చేసుకోనివారు ఎన్నేళ్ళు బ్రతికారో లెక్క తీశారనుకుందాం. షష్టిపూర్తి చేసుకున్నవారే దీర్ఘాయుష్కులని తేలుతుంది. ఆ వేడుక ఆయుష్షును పెంచుతుందని దాని అర్థమా? కాదు. అరవై ఏళ్ళు బ్రతికినవారు మాత్రమే ఆ వేడుక చేసుకోగలరు. నడి వయస్సులో కన్నుమూసినవారంతా చేసుకోనివారి లెక్కలో పడిపోయారు. అదే విధంగా, కొన్నేళ్ళ తరువాత మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన రోగిని మొదటినుంచీ వాడినవాడిగా లెక్కించితే, మందు వాడకముందు ఆరోగ్యంగా బ్రతికిన సంవత్సరాలు కూడా మందు ఖాతాలో జమ అవుతాయి. ఇటువంటి లెక్కల వల్ల మెట్‌ఫార్మిన్ మేలు అనేక పరిశోధనలలో ఉన్నదానికంటె ఎక్కువగా కనిపించిందని కెనడా దేశపు పరిశోధకులు సుయిస్సా, అజులే 2012లో విశదీకరించారు. ప్రయోగశాల ఫలితాలలో కూడా ఒక చిక్కు ఉన్నది. గాజుపాత్రలోని క్యాన్సర్ కణాలపై వాడిన మందు మోతాదు, గోలి మింగిన మనిషి రక్తంలోకి చేరే మోతాదుకు అనేక రెట్లు ఎక్కువ.

ఈ సందేహాలన్నిటినీ తీర్చగల మార్గం ఒక్కటే. ఒకే విధమైన రోగులను తీసుకొని, చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించాలి. ఒక జట్టుకు అసలు మందు, మరొక జట్టుకు చూడడానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి గోలి ఇవ్వాలి. ఎవరికి ఏది అందినదో రోగికీ, వైద్యునికీ తెలియరాదు. ఇందుకు అపారమైన ధనం కావాలి. పేటెంటు కాలం తీరిపోయిన చౌక మందుపై లాభం రాదు కాబట్టి ఔషధ సంస్థలు అంతగా ముందుకు రావు. ఆ భారాన్ని ప్రభుత్వ నిధులు, విశ్వవిద్యాలయాలు, ధార్మిక సంస్థలు మోయవలసి ఉంటుంది.

అటువంటి మహాప్రయత్నం కెనడా నాయకత్వంలో జరిగింది. దాని పేరు ఎం.ఏ.32. టొరంటో నగరానికి చెందిన వైద్యురాలు పమేలా గుడ్‌విన్ దానికి సారథ్యం వహించింది. 2010 నుంచి 2013 వరకు కెనడా, అమెరికా, బ్రిటన్, స్విట్జర్లాండ్ దేశాలలో 3,649 మంది రొమ్ము క్యాన్సర్ రోగులు అందులో చేరారు. వారెవరికీ మధుమేహం లేదు. అందరికీ క్యాన్సర్‌కు ప్రామాణిక చికిత్స యథావిధిగా జరిగింది. దానికి తోడుగా సగం మందికి 850 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ రోజుకు రెండుసార్లు, మిగిలిన సగం మందికి ఉత్తుత్తి గోలి ఐదేళ్ళపాటు ఇచ్చారు. ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ప్రధానంగా పరిశీలించిన రోగులలో క్యాన్సర్ తిరగబెట్టడంలో గాని, ప్రాణాలు నిలవడంలో గాని రెండు జట్లకూ తేడా కనిపించలేదు. ఎన్నేళ్ళ ఆశ! ఒక్క వాక్యంలో సమాధానం.

ప్రోస్టేట్ క్యాన్సర్ ముదిరి ఇతర భాగాలకు వ్యాపించిన రోగులపై బ్రిటన్, స్విట్జర్లాండ్ దేశాలలో స్టాంపీడ్ పేరిట జరిగిన పరీక్షలో కూడా మెట్‌ఫార్మిన్ ఆయుష్షును నిశ్చయంగా పెంచినట్లు రుజువు కాలేదు. ఈ ఫలితాలు 2024లో బయటికి వచ్చాయి. హార్మోను చికిత్స వల్ల వచ్చే బరువు, కొవ్వు, చక్కెర సమస్యలను మాత్రం అది కొంత తగ్గించింది. మరొకవైపు, జపాన్‌లో పెద్దపేగు నుంచి పాలిప్‌లను తొలగించిన 151 మందిపై జరిగిన పరీక్షలో, తక్కువ మోతాదు మెట్‌ఫార్మిన్ ఒక సంవత్సరంలో అవి మళ్ళీ పుట్టడాన్ని తగ్గించిందని 2016లో వెల్లడైంది. పాలిప్ క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారగల గడ్డ మాత్రమే. పరీక్షలో పాల్గొన్నవారి సంఖ్య కూడా చిన్నది. కాబట్టి తలుపు పూర్తిగా మూసుకోలేదు గాని, బార్లా తెరుచుకోనూ లేదు.

మధుమేహ ఔషధాలన్నీ ఒకే దారిన నడవవు. పయోగ్లిటాజోన్ అనే మరొక మధుమేహ ఔషధంపై క్యాన్సర్‌ను తగ్గిస్తుందన్న ఆశకు బదులు, మూత్రాశయ క్యాన్సర్‌ను కలిగిస్తుందేమో అన్న అనుమానం కలిగింది. భారత ప్రభుత్వం 2013 జూన్‌లో దాని అమ్మకాన్ని నిలిపివేసి, తరువాతి నెలలోనే తగిన హెచ్చరికతో తిరిగి అనుమతించింది. మందు మేలును రుజువు చేయడం ఎంత అవసరమో, దాని కీడును రుజువు చేయడం కూడా అంతే అవసరమని ఈ సంఘటన తెలుపుతుంది.

ఇంత చరిత్ర నస్రుల్లాబాద్‌లోని ఒక కుటుంబానికి ఏమి చెబుతుంది? మొదటిది, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ నేటికీ అత్యంత విశ్వసనీయమైన మందు. క్యాన్సర్‌కు అది పనిచేయలేదన్న వార్త విని షుగరు గోలి మానివేయడం అవివేకం. రెండవది, ఎవరో చెప్పారని ఆ గోలిని నమ్ముకొని క్యాన్సర్ చికిత్సను వాయిదా వేయడం ప్రాణాలతో చెలగాటం. మెట్‌ఫార్మిన్‌కు కూడా దోషాలు ఉన్నాయి. కొందరికి కడుపులో వికారం, విరేచనాలు కలుగుతాయి. దీర్ఘకాలం వాడితే బి12 విటమిన్ లోపించవచ్చు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ప్రమాదం కావచ్చు. మూడవది, పల్లెలో ముప్పయి ఏళ్ళు దాటినవారికి రక్తపోటు, మధుమేహ పరీక్షలతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు కూడా చేయించుకొనే అవకాశాన్ని జాతీయ కార్యక్రమం కల్పించింది. షుగరు పరీక్షకు వెళ్ళిన అమ్మ తన నోటిలో మానని పుండును, రొమ్ములో గట్టిపడిన గడ్డను కూడా చెప్పుకోవాలి. క్యాన్సర్‌ను తొలిదశలో గుర్తించడం ఏ గోలికీ తీసిపోని రక్షణ.

ఎం.ఏ.32 పరీక్షలో చేరిన 3,649 మంది తమకు అందినది మందో, ఉత్తుత్తి గోలియో తెలియకనే ఏళ్ళ తరబడి మింగారు. వారి ఓర్పు వల్ల లోకానికి తెలిసినది "కాదు" అన్న ఒక్క మాట. ఆ మాట తెలియకపోయి ఉంటే లక్షలాది రోగులు నేటికీ ఆ గోలిని నమ్ముకొని ఉండేవారు. ఫార్బర్‌కు ఎదురైన "కాదు" నుంచే అమినోప్టెరిన్ మార్గం దొరికింది. ఆశానిరాశలు రెండింటినీ సమానంగా పరీక్షకు నిలిపి, తేలిన నిజాన్ని దాచకుండా చెప్పడమే శాస్త్రం చేయగల లోకోపకారం.

కఠిన పదాలు – అర్థాలు

కరతలామలకం – అరచేతిలోని ఉసిరికాయ, స్పష్టంగా తెలిసినది
వివేచన – మంచిచెడులను వేరుచేసి తెలుసుకొనే బుద్ధి
అర్బుదం – శరీరంలో పెరిగే గడ్డ, క్యాన్సర్
ఉపశమనం – తగ్గుదల, ఊరట
కాకతాళీయం – అనుకోకుండా ఒకేసారి జరిగినది
ఉపాధి – ఇక్కడ, ఫలితాన్ని నిర్ణయించే మరుగున ఉన్న కారణం
సారథ్యం – నాయకత్వం
ప్రామాణికం – ఆధారం గలది, అంగీకారం పొందినది

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మెట్‌ఫార్మిన్ క్యాన్సర్‌కు పనికివస్తుందన్న ఆశ ఎలా పుట్టింది? పరీక్షలలో ఏమి తేలింది?
2. పాత మందులు కొత్త రోగాలకు ఉపయోగపడిన తీరును సోదాహరణంగా వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకూ ఈ పాఠ్యవిషయానికీ గల సంబంధాన్ని తెలపండి.
2. షష్టిపూర్తి ఉదాహరణ ద్వారా రచయిత వివరించిన పొరపాటు ఏమిటి?
3. చౌక మందులపై పెద్ద పరీక్షలు జరపడం ఎందుకు కష్టం?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. మెట్‌ఫార్మిన్‌ను మొదటిసారి ఏ నగరంలో తయారుచేశారు?
2. ఎం.ఏ.32 పరీక్షలో ఎంతమంది రోగులు చేరారు?
3. "ఉపాధి"ని వివరించిన తర్కసంగ్రహ కర్త ఎవరు?

IV. సంధులు
మహౌషధము = మహా + ఔషధము – వృద్ధి సంధి
ప్రాణాపాయము = ప్రాణ + అపాయము – సవర్ణదీర్ఘ సంధి
లోకోపకారము = లోక + ఉపకారము – గుణ సంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి

V. సమాసాలు
ఆశానిరాశలు – ఆశయును నిరాశయును – ద్వంద్వ సమాసం
గుణదోషాలు – గుణమును దోషమును – ద్వంద్వ సమాసం
వైద్యశాస్త్ర చరిత్ర – వైద్యశాస్త్రం యొక్క చరిత్ర – షష్ఠీ తత్పురుష సమాసం